నూట ఒకటో సంచి

నేను ఒక రక్తపు సంచిని. మొహం అలా చిట్లించకండి. మీ ఒంట్లో ఉన్నదే నా కడుపులోనూ ఉంది, కాకపోతే నాది పైకి కనిపిస్తుంది. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను, లేకపోతే చివరిదాకా నాకు మంటగానే ఉంటుంది. నన్నందరూ బాటిల్ అంటారు. "రెండు బాటిళ్ల రక్తం కావాలంట" అంటారు. సీసాల కాలం పోయి ఎన్నేళ్లయిందో లెక్కలేదు. నేను సంచిని. మూడువందల యాభై మిల్లీలీటర్లు పట్టే, శుభ్రమైన, పరువైన సంచిని.

పుట్టింది కేరళలో. మెత్తటి ప్లాస్టిక్కుని అంటించి నన్ను చేశారు. ఒక పొడుగాటి గొట్టం తగిలించి, దాని కొసన ఓ లావుపాటి సూది పెట్టి, రక్తం గడ్డకట్టకుండా కడుపులో కాసిని మందునీళ్లు పోశారు. నిండిన రోజు నుంచి ముప్పై అయిదు రోజులు నా ఆయుష్షు. ఆ తేదీ నా మొహం మీదే రాస్తారు. మనుషులకి ఈ ఏర్పాటు లేదు. ఉంటే వాళ్లు అభిమాన సంఘాలు పెట్టి ఉండేవారు కాదని నా అనుమానం.

అట్టపెట్టెలో పడి తాడేపల్లిగూడెంలో ఒక బ్లడ్ బ్యాంకుకి చేరాను. పేరు చెప్పను, చెప్పినా మీకేం ఒరగదు. మాట నేర్చింది ఇక్కడే, అందుకే ఈ అండీలు, ఆయ్‌లూను. అక్కడ సువర్ణకుమారి గారని ఒక కౌన్సెలర్ ఉన్నారు. రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్లని ప్రశ్నలు అడగటం ఆవిడ ఉద్యోగం. పచ్చకామెర్లు వచ్చాయా, ఆపరేషన్ అయిందా, పచ్చబొట్టు వేయించుకున్నారా, ఇంకా పైకి చెప్పుకోలేనివి కొన్ని. ఇరవై రెండేళ్లుగా అవే ప్రశ్నలు అడుగుతున్నారు. ఇంట్లో కూర కొనేటప్పుడు కూడా వంకాయని అలాగే నిలదీస్తారని ల్యాబు టెక్నీషియన్ అంటూ ఉంటాడు.

ఇక నా కథ మొదలయింది పిడుగు స్టార్ పుట్టినరోజున. పిడుగు స్టార్ అంటే ఒక హీరో. ఆయనకి నేను తెలీదు, గూడెం కూడా తెలుసో లేదో. కానీ ఆయన పుట్టిన పాపానికి ఊళ్లో రక్తదాన శిబిరం పెట్టారు. కిందటి నెల అవతలి హీరో తాలూకు వాళ్లు వంద బాటిళ్లు ఇచ్చారట. చూశారా, మళ్లీ బాటిళ్లు. కాబట్టి వీళ్లు నూట ఒకటి ఇచ్చి తీరాలి. రోగులు ఎంతమంది ఉన్నారు, ఎంత రక్తం కావాలి అన్న సంగతి ఎవరూ అడగలేదు. వందకి పైన ఒకటి, అదీ అవసరం.

అభిమాన సంఘం పట్టణ ప్రెసిడెంటు చిట్టూరి నాగభూషణం. సెల్‌ఫోన్ల షాపాయన, మంచివాడే. ఆ మంచితనం కొద్దీ మా కుర్రాళ్లకి శ్రమెందుకని, దాతలు నింపవలసిన ఫారాలన్నీ ముందురోజే తన షాపులో కూర్చుని తనే నింపేశాడు. ఒక్కో ఫారంలో ముప్పై పైచిలుకు ప్రశ్నలు. ఈయన పైనుంచి కింది దాకా "లేదు" అని టిక్కులు దించుకుంటూ పోయాడు. జబ్బుందా, లేదు. పచ్చబొట్టుందా, లేదు. బాగానే ఉంది. కానీ మొదటి మూడు ప్రశ్నలు వేరు. ఈ రోజు మీ ఆరోగ్యం బాగుందా? లేదు. రాత్రి నిద్రపోయారా? లేదు. పొద్దున ఏమన్నా తిన్నారా? లేదు.

సువర్ణకుమారి గారు కల్యాణమండపంలో బల్ల వేసుకుని కూర్చుని, ఆ కట్ట తిరగేసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నాగభూషణం గారూ, ఈ నూట ఒక్కమందికీ ఒంట్లో బాగోలేదు, నిద్రలేదు, తిండి లేదు. వీళ్ల దగ్గర నేను రక్తం తీసుకోవాలాండీ, లేకపోతే వీళ్లకే ఎక్కించాలా?"

"అబ్బే, అదంతా ఫార్మాలిటీయే కదండి మేడమ్. మా కుర్రాళ్లు ఉక్కు ముక్కలండి."

ఆవిడ కట్ట పక్కన పెట్టి, తెల్ల ఫారాలు తీసి, ఒక్కొక్కణ్ణీ మొదటినుంచి అడగటం మొదలుపెట్టారు. లైను కదలదు. ఎండ మండిపోతోంది. మైకులో పాటలు. నాగభూషణం ఆవిడ బల్ల పక్కనే ఫోను పట్టుకుని నిలబడ్డాడు, ఫొటోలకి. ప్రెసిడెంటు అక్కడ నిలబడి చూస్తుంటే పచ్చకామెర్లు వచ్చాయని ఎవడు చెప్తాడండీ? మావాడికి ఏమీ లేదండి, మావాడికి ఏమీ లేదండి అని ఆయనే అందిస్తున్నాడు కూడాను. ఆవిడ రెండుసార్లు ఆయన్ని అవతలికి పొమ్మన్నారు, రెండుసార్లూ వెళ్లాడు, మూడుసార్లు వచ్చాడు.

సాయంత్రానికి లెక్క వందకి వచ్చి ఆగింది. ఒకడికి రక్తం తక్కువుందని, ఇద్దరు తాగి వచ్చారని ఆవిడ తిప్పి పంపేస్తే, వాళ్ల బదులు వేరే ముగ్గుర్ని పట్టుకొచ్చారు. మిగిలింది ఒక్కడే. మట్టా ధనరాజు. ఏసీల మెకానిక్కు, ఇరవై తొమ్మిదేళ్లు, పిడుగు స్టార్ బొమ్మ ఉన్న టీషర్టు. లైన్లో ముందున్నవాణ్ణి ఆవిడ పచ్చబొట్టు సంగతి అడగటం విన్నాడు. ప్రెసిడెంటుని పక్కకి లాగి చెవిలో గొణిగాడు.

"అన్నా, అది ఉంటే ఇవ్వకూడదంటన్నా. మనకి వేసి పన్నెండు రోజులే కదా అయింది."

"గుండె మీద హీరోని పెట్టుకుని ఆ పిరికితనమేంట్రా? పోయి కూర్చో. నూరు దగ్గర ఆగిపోతే రేపు వాళ్ల మొహం ఎలా చూస్తాం?"

పోయి కూర్చున్నాడు. పచ్చబొట్టు ఉందా అంటే లేదండి అన్నాడు. అలా నేను నిండాను. సూది దిగింది, అతను పిడికిలి బిగించి వదిలాడు, వెచ్చగా కడుపులోకి వచ్చి పడింది రక్తం. పుట్టాక మొదటిసారి నాకంటూ ఒక బరువు వచ్చింది. బయట సీమటపాకాయలు పేల్చారు, అవి నాకోసమే అనుకున్నాను. అంత సంబరం నా జన్మలో మళ్లీ లేదు.

సువర్ణకుమారి గారు అందరికీ ఇచ్చినట్టే ధనరాజుకీ బిస్కట్ల పొట్లంతో పాటు ఒక చీటీ ఇచ్చారు. "ఇంటికెళ్లాక ఏదన్నా గుర్తొచ్చినా, ఇక్కడ చెప్పలేకపోయింది ఉన్నా ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి. పేరు కూడా అడగను. చీటీ మీదున్న మీ సంచి నంబరు చెప్పి వాడొద్దనండి చాలు." అతను తలూపి, చీటీ జేబులో పెట్టుకుని, బిస్కట్లు తిన్నాడు.

తర్వాత నన్ను ఒక ఫ్రిజ్జులో వేరుగా పెట్టారు. పరీక్షలయ్యేదాకా మమ్మల్ని ఎవరూ నమ్మరు. అయిదు జబ్బులకి పరీక్ష చేశారు. అయిదూ లేవన్నారు. బి పాజిటివ్ అని గులాబీరంగు చీటీ అంటించి, దాని మీద నా నాలుగువేల నాలుగువందల పదిహేడో నంబరు మళ్లీ రాసి మంచి ఫ్రిజ్జులోకి మార్చారు. ఇంక చూస్కోండి నా పొగరు. పక్క సంచులతో మాట్లాడటం కూడా తగ్గించాను.

అయిదో రోజు పొద్దున లోవలక్ష్మి వచ్చింది. చీరలకి ఫాల్సు కుట్టుకునే మనిషి. ఆవిడ కూతురు ప్రహర్షితకి ఆరేళ్లు. ఆ పిల్ల ఒంట్లో రక్తం సరిగ్గా తయారవదు, మూడు వారాలకోసారి ఎవరిదో ఒకరిది ఎక్కించాల్సిందే. తలసీమియా అంటారు. పుట్టిన దగ్గర్నుంచి ఇప్పటికి ఎనభైమంది రక్తం ఆ పిల్లలో తిరిగిందట. ఊరు ఊరంతా కలిసి పెంచుతున్న పిల్లన్నమాట, ఊరికి ఆ సంగతి తెలీదు. ఈసారి రెండు రోజులు ఆలస్యమైంది, పిల్ల పెదాలు పాలిపోయి, బెంచీ మీద కూర్చుని కాళ్లు ఊపడం కూడా మానేసింది.

సరిపడుతుందో లేదో చూసి, నన్నే ఇచ్చారు. గుమస్తా పైకి చదివాడు. "నాలుగు నాలుగు ఒకటి ఏడు. బి పాజిటివ్. సంతకం పెట్టండమ్మా."

సరిగ్గా అప్పుడే కౌంటరు దగ్గర ధనరాజు నిలబడి ఉన్నాడు. నూట ఒక్క సర్టిఫికెట్లూ పట్టుకురమ్మని ప్రెసిడెంటు పంపాడు. పైన ఉన్నది తనదే, దాని మీద నంబరు చూసుకున్నాడు, మొహం చాటంత అయింది.

"ఏవండీ, అది నాదేనండి! నా రక్తమేనండి!"

లోవలక్ష్మి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. "మీరాండీ అన్నయ్యగారూ? మీ కడుపు చల్లగుండ. రెండ్రోజుల నుంచి తిరుగుతున్నానండి." పిల్లని లేపి చూపించింది. "ఇదిగో, మావయ్యే ఇచ్చాడంట." తర్వాత కాస్త గొంతు తగ్గించి, సిగ్గుపడుతూనే అడిగింది. "ఏమనుకోకండి. మీకు ఏ జబ్బూ లేదు కదండి? మాతో వచ్చే ఇంకో పాపకి కిందటేడు ఎక్కించిన రక్తంలోంచే లివరు జబ్బొచ్చింది. అప్పట్నుంచి నాకు భయమండి."

"నిక్షేపంలా ఉన్నానండి," అన్నాడు ధనరాజు.

ఆవిడ నన్ను థర్మాకోల్ డబ్బాలో పెట్టుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని, రోడ్డు మీదికొచ్చి సర్కారు ఆసుపత్రికి ఆటో ఎక్కింది. ఇక్కణ్ణుంచి కాసేపు జరిగింది నేను చూడలేదు, తర్వాత వాళ్లూ వీళ్లూ చెప్పుకుంటే విన్నాను. ధనరాజు అరగంటపాటు అక్కడే నిలబడిపోయాడట. ఛాతీ మీద పచ్చబొట్టు ఇంకా పక్కు కట్టి ఉంది. అతని చెయ్యి దానంతటదే అక్కడికి వెళ్లింది. సర్టిఫికెట్ల కట్ట కౌంటరు మీద వదిలేసి సువర్ణకుమారి గారి గదిలోకి వెళ్లాడు.

"మేడమ్, పచ్చబొట్టు వేయించుకున్నోళ్లు ఎందుకు ఇవ్వకూడదండి?"

ఆవిడ పెన్ను కింద పెట్టారు. "ఎప్పుడు వేయించుకున్నావు?"

"జాతరలోనండి. పద్నాలుగు మందిమండి. ఒకడి తర్వాత ఒకడు."

"సూది మార్చాడా?"

"ఒకటే సూదండి. మధ్యలో నీళ్లలో ముంచాడండి."

"నేను అడిగినప్పుడు లేదన్నావు."

"లేదన్నానండి." ఆ సంచి ఇందాకే ఒక పాపకి ఎక్కించడానికి సర్కారు ఆసుపత్రికి వెళ్లిందని కూడా చెప్పాడట. "కానీ మీ పరీక్షల్లో ఏమీ లేదన్నారు కదండి? అయిదింట్లోనూ?"

"క్రిమి ఒంట్లోకి వచ్చిన కొత్తలో పరీక్షకి దొరకదయ్యా. కొన్ని వారాలు పడుతుంది. దొంగ ఇంట్లో దూరి అటక మీద కూర్చున్నాడు, ఇంకా ఏ గిన్నే కదల్లేదు. చప్పుడు లేదు కాబట్టి దొంగ లేడంటావా? ఆ కొత్తలోనే ఆ రక్తం ఇంకొకళ్లకి ఎక్కిస్తే వాళ్లకి అంటుకుంటుంది." అంటూనే ఆవిడ ఫోను అందుకున్నారు. ఆసుపత్రి వార్డు నంబరు మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. "సంచి నంబరెంత?"

అప్పటికే అతను మెట్లు దిగి బైకు తీశాడు.

నేను ఆ సమయానికి స్టాండుకి వేలాడుతున్నాను. నా బతుకులో అంత ఎత్తు ఎక్కింది అదే. ప్రహర్షిత మంచం మీద పడుకుని నన్నే చూస్తోంది. అలవాటైన పిల్ల కదా, సూది గుచ్చినా ఏడవలేదు, "ఈ మావయ్య రక్తం చల్లగా ఉంటాదా?" అని మాత్రం అడిగింది. సిస్టరు నా గొట్టంలోకి రక్తం దింపింది. పిల్ల చేతి దగ్గర బిరడా ఒక్కటి తిప్పడమే తరువాయి. మూడు వేళ్లు దానిమీద పెట్టింది.

"ఆపండి! సిస్టర్, ఆపండి! ఆ రక్తం నాదండి, ఎక్కించకండి!"

వార్డు మొత్తం తిరిగి చూసింది. సిస్టరుకి ఒళ్లు మండింది. "ఇచ్చింది వెనక్కి అడుగుతారేంటయ్యా? ఇదేమన్నా అప్పిచ్చిన సైకిలా?"

ధనరాజు స్టాండుకి అడ్డంగా వచ్చాడు. టీషర్టు పైకెత్తి చూపించాడు. పిడుగు స్టార్ మొహం, పక్కులు కట్టి, ఒక కన్ను ఊడిపోయి. "ఇది కొత్తదండి. చెప్పకుండా ఇచ్చేశానండి. అబద్ధం చెప్పి ఇచ్చానండి." అప్పుడు మోగింది వార్డు ఫోను. సిస్టరు ఎత్తి, విని, వచ్చి పిల్ల చేతి దగ్గర గొట్టం ఊడదీసింది.

లోవలక్ష్మి అతని దగ్గరికి వెళ్లింది. ఇందాక దణ్ణం పెట్టిన చేతులే. "ఏవయ్యా, నిన్ను నోరు తెరిచి అడిగాను కదా? పిల్లని చూపించి మరీ అడిగాను కదా? నిక్షేపంలా ఉన్నానన్నావు. నీ పిల్లయితే ఎక్కించుకునేవాడివా?" కొట్టలేదు. కొడితే బాగుండునన్నట్టు నిలబడ్డాడు వాడు. తర్వాత వెళ్లి బయట మెట్ల మీద కూర్చున్నాడు.

మరి నా సంగతి ఎవరికైనా పట్టిందా? నాకు తల కొట్టేసినట్టయింది. అయిదు పరీక్షలు గెలిచినదాన్ని, గులాబీ చీటీ ఉన్నదాన్ని, అందరి ముందూ స్టాండు మీంచి దించి, ఎంగిలి ఆకులాగా తీసుకెళ్లి మళ్లీ డబ్బాలో పడేశారు. మధ్యాహ్నానికి వేరే సంచి వచ్చింది. నాలుగు నెలలకోసారి చప్పుడు చెయ్యకుండా వచ్చి ఇచ్చిపోయే ఒక లెక్కల మాస్టారిది. సీమటపాకాయలు లేవు, సర్టిఫికెట్టు లేదు. సాయంత్రానికి పిల్ల కాళ్లు ఊపుతోందట. నాకు ఏడుపొచ్చింది, అసూయతో.

నన్ను పారేయవలసిన సంచుల అరలో పెట్టారు. చోటు చాలక ఆ ఫ్రిజ్జు సువర్ణకుమారి గారి గదిలో ఉంది, కాబట్టి నేను బాగానే వినగలిగాను. ధనరాజు మిగతా పదముగ్గురి పేర్లూ చెప్పాడు, సంఘంలో వాళ్లు ద్రోహి అన్నా చెప్పాడు. పదముగ్గురి సంచులూ దొరికాయి, ఏదీ ఇంకా ఎవరికీ వెళ్లలేదు. నాగభూషణం పరుగున వచ్చాడు. ఆయన మొదట అడిగింది ఇదీ:

"మేడమ్, వాడకపోతే వాడకపోయారు. రికార్డులో మాత్రం నూట ఒకటి అనే ఉంచండి. ఎనభై ఏడంటే మా పరువేం కానండి?"

"మీ పేరూ చెప్పాడు. మీరెన్నోవారు ఆ సూదికి?" అన్నారావిడ.

"మొదట వేయించుకుంది నేనేనండి," అన్నాడు గర్వంగా. అంటూ అంటూ ఉండగానే ఆయన మొహం రంగు మారింది. పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ తర్వాత లెక్క ఊసెత్తలేదు. పద్నాలుగుమందినీ రెండు నెలలకి మళ్లీ పరీక్షకి రమ్మన్నారు.

నిజానికి నన్ను ఆ వారంలోనే కాల్చేయాలి. కానీ రక్తం పారేయడానికి ముగ్గురు డాక్టర్లు సంతకం పెట్టాలట. ఒకాయన సెలవు, ఒకాయనకి బదిలీ, మూడో ఆయన మిగతా ఇద్దరూ పెట్టాక పెడతానన్నాడు. తీసుకునేటప్పుడు ఒక్క సంతకంతో తీసుకున్నారు చూడండి. అలా నా ముప్పై అయిదు రోజులూ దాటిపోయాయి, ఎండిన గోరింటాకు రంగు వచ్చేశాను, అయినా అక్కడే ఉన్నాను. రోజూ ఒకటే గొణుక్కునేదాన్ని. నేను శుభ్రమైనదాన్ని. అనవసరంగా భయపడ్డారు. ఆ పిచ్చివాడు నోరు మూసుకుని ఉంటే ఈపాటికి నేను ఆ పిల్ల ఒంట్లో గంతులేస్తూ ఉండేదాన్ని.

రెండు నెలలకి ధనరాజు వచ్చాడు. సువర్ణకుమారి గారు తలుపు వేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. ఆ కుర్చీ లాగడంతోనే నాకు అర్థమైంది. మంచి కబురుకి ఆవిడ కుర్చీ జరపరు.

"హెపటైటిస్ సి అని వచ్చింది. లివరుకి పట్టే జబ్బు. భయపడకు. మూడు నెలలు మాత్రలు వాడితే చాలామందికి తగ్గిపోతుంది. నువ్వు తొందరగానే దొరికావు, అది అదృష్టం."

అతను ముందుకి వంగాడు. "పాపకి ఒక్క చుక్క కూడా వెళ్లలేదు కదండి?"

"వెళ్లలేదయ్యా. గొట్టం దాకానే వచ్చింది."

అప్పుడు ఏడ్చాడు. తనకి జబ్బుందన్నప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. మరి నేను? రెండు నెలలు పొగరుగా గొణిగిన నోరు పడిపోయింది. అటక మీద దొంగని కడుపులో పెట్టుకుని, ఆ పిల్ల చేతి దాకా వెళ్లి, ఎక్కనివ్వలేదని అలిగానండి నేను. సిగ్గుతో చచ్చిపోయాను. ఎవరి దగ్గర్నుంచి ఎవరికి వచ్చిందో నేను చెప్పలేను, ఆ సూదినే అడగాలి. పద్నాలుగుమందిలో ఇంకా ఎవరెవరికి వచ్చిందో ఆవిడ ఒకరిది ఒకరికి చెప్పలేదు, నేనూ చెప్పను.

"మళ్లీ ఎప్పుడు ఇవ్వొచ్చండి రక్తం?" అన్నాడు కళ్లు తుడుచుకుని.

"ఇంక ఇవ్వకూడదు బాబూ. తగ్గినా సరే. ఎప్పటికీ."

సరేనని లేచి, బయట బెంచీ మీద కూర్చున్నాడు, మాత్రల చీటీ రాసేదాకా. చిత్రం చూడండి, మూడో డాక్టరు గారి సంతకం కూడా ఆ రోజే పడింది. ఆయా నన్నూ, మిగతా పదమూడింటినీ పసుపుపచ్చ కవరులో వేసి, మోసుకుంటూ ఆ వరండాలోంచే తీసుకెళ్లింది. కవరు పల్చన. ఆయా బండి కోసం అక్కడే ఆగింది, ఆ బెంచీ నాకు కనిపించింది.

లోవలక్ష్మి వచ్చింది పిల్లతో, మళ్లీ సంచి కోసం. అతన్ని చూసి ఆగింది. అతను లేచి నిలబడి, ఆవిడకి చోటిచ్చి, దూరంగా గోడకి జరిగాడు. అతని చేతిలో చీటీ ఉంది. ఆసుపత్రుల చుట్టూ ఆరేళ్లు తిరిగిన మనిషి, ఏ చీటీ ఎలాంటిదో ఆవిడకి చదవక్కర్లేదు.

"మీకు వచ్చిందాండీ?" అంది.

అతను తలూపాడు.

ఆవిడ థర్మాకోల్ డబ్బా కింద పెట్టింది. తర్వాత పిల్లని ఎత్తి బెంచీ మీద కూర్చోబెట్టి, అతని భుజం పట్టుకుని పక్కనే కూర్చోమంది. "అన్నయ్యగారూ, లోపల లైను పెద్దదుంది. నేనొచ్చేదాకా దీన్ని కాస్త చూస్తుండండి. ఎవరి దగ్గరా ఉండదు ఇది, మీ దగ్గర ఉంటుంది."

లోపలికి వెళ్లిపోయింది. ధనరాజు ఒళ్లు దగ్గర పెట్టుకుని, ఊపిరి కూడా గట్టిగా తీసుకోకుండా కూర్చున్నాడు. ప్రహర్షిత అతనికి ఆనుకుని, చెప్పులు విప్పి అతని ఒళ్లో పెట్టింది, పోతే అమ్మ తిడుతుందని.